విడిపోయినంక వెంటపడే మనిషి: ఏది ఒట్టి కోపం, ఏది ప్రాణం మీదికొచ్చే ప్రమాదం

మీరు అడిగిన సంగతి ముందుగ ఒకచోట పెడుత. ప్రేమించి పెండ్లి చేసుకున్న మీ చెల్లె రెండేండ్ల కాపురం తర్వాత విడిపోయి, నాలుగు నెలల కింద దేవరకొండ దగ్గర తల్లిగారింటికి వచ్చింది. అప్పటిసంది కొత్త కొత్త నంబర్లతోని ఫోన్లు, బస్టాండు కాడ నిలబడుడు, వాట్సాప్ స్టేటస్‌లల్ల బెదిరింపులు. కాపురంల ఉన్నప్పుడు ఒకసారి గొంతు పిసికిండు. రెండు వారాల నుంచి మాత్రం చప్పుడు లేదు. మొన్న ఒక దోస్తుతోని "ఒక్కసారి వచ్చి కలువుమను, అంతటితోని అయిపోతది" అని కబురు పంపిండు. పెద్దమనుషులు పంచాయితీల కూసోబెడతమంటున్నరు, వకీలు విడాకుల నోటీసు పంపుదామంటున్నడు. అతని కోపం చల్లారిందా, ప్రమాదం పెరిగిందా అని మీ ప్రశ్న.

పెరిగిందనే అనుకొని నడవండి. తిట్లు ఎంత ఘోరంగ ఉన్నయి అన్నదాన్ని బట్టి ప్రమాదం తెల్వదు. నిన్నటికీ ఇవ్వాళ్టికీ ఏం మారింది, ఆ మార్పుతోని అతను ఆమెకు దగ్గరైతున్నడా దూరమైతున్నడా అన్నది చూడాలె. మీరు రాసినదాంట్ల గొంతు పిసుకుడు, నిశ్శబ్దం, "ఒక్కసారి కలువు" అనే కబురు ఉన్నయి. దేనికది చిన్నగ కనబడుతది. మూడూ ఒకే మనిషి దగ్గర చేరినప్పుడు చిన్నవి కావు.

వెంటపడేటోళ్లందరూ ఒక్క తీరు కాదు. ఆస్ట్రేలియాలో పాల్ మలెన్ బృందం 1999లో వీళ్లను ఐదు రకాలుగ విడగొట్టింది. అందులో తనను కాదన్నరని వెంటపడే రకంల ఎక్కువమంది మాజీ భర్తలు, మాజీ ప్రేమికులే. ఈ రకానికి రెండు కోరికలు ఒకేసారి ఉంటయి: ఆమె తిరిగి రావాలె, లేదా ఆమెకు శిక్ష పడాలె. అందుకే పొద్దున "నీ కాళ్లు మొక్కుత" అన్న మెసేజ్, రాత్రి "నిన్ను బతకనియ్య" అన్న మెసేజ్ ఒకే ఫోన్ నుంచి వస్తయి. ఇంట్లోళ్లు మెత్తటి మెసేజ్ చూసి "మారిండు" అనుకుంటరు. అది మారుడు కాదు, ఊగుడు. ఊగుడు ఆగి ఒక దిక్కు నిలబడితేనే అసలు భయం.

మొరిగే కుక్క కరవదని మనోళ్లు ధైర్యం చెప్పుకుంటరు. ముక్కూ మొహం తెలియనోడు బెదిరిస్తే ఆ సామెత కొంత చెల్లుతదేమో, ఒకే ఇంట్ల బతికినోడు బెదిరిస్తే చెల్లది. ఆమె ఏ బస్సెక్కుతది, ఏ గోడ దూకితే ఇంట్లకు రావచ్చు, ఏ మేనత్త నోరు జారుతది అన్నీ అతనికి ఎరుకే. అమెరికాలో జుడిత్ మెక్‌ఫర్లేన్ బృందం 1999లో అచ్చేసిన అధ్యయనంల, భర్త లేదా ప్రియుడి చేతిల, విడిపోయినోళ్లతో కలిపి, ప్రాణం పోయిన 141 మంది ఆడోళ్లల్ల 76 శాతం మందిని చావుకు ముందటి ఏడాదిలో ఆ మనిషి వెంటాడిండు. చావు దాకా పోయి బతికిన 65 మందిలో అది 85 శాతం. వెంటపడుడు అనేది కొట్లాటకు తోక కాదు, చాలాసార్లు దానికి ముందు నడిచేది అదే.

ఇగ గొంతు సంగతి. ఇది ఎన్నేండ్ల కిందటిదైనా అన్నిటికంటె బరువైన గుర్తు. గొంతు పట్టినోడు "నీ ప్రాణం నా చేతిల ఉన్నది" అని ఒకసారి చూపించిండన్నట్టు. అమెరికాలోనే నాన్సీ గ్లాస్ తదితరులు 2008లో అచ్చేసిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు గొంతు పిసికిన చరిత్ర ఉంటే ఆ మనిషి చేతిల ఆమె చనిపోయే అవకాశం ఏడు రెట్లకు పైగ పెరిగింది. బయటికి మచ్చ కనబడకపోవచ్చు. గొంతు బొంగురు పోయిందా, మింగితే నొప్పి లేసిందా, కండ్లల్ల ఎర్రటి చుక్కలు తేలినయా, కొంతసేపు ఏమైందో గుర్తు లేదా, బట్టల్లనే మూత్రం పోయిందా అని నెమ్మదిగ అడగండి. సిగ్గుతోని ఆమె ఆ ఆఖరిది చెప్పదు, కాని అది స్పృహ తప్పేదాకా పోయిందనడానికి గుర్తు. మళ్ల ఎప్పుడన్న అట్ల జరిగితే గంట కూడ ఆగొద్దు, సర్కారు దవాఖానకు తీసుకపోయి మెడికో లీగల్ కేసు, అంటే పోలీసు కేసుకు పనికొచ్చే దెబ్బల రికార్డు, రాయించాలె. మెడల రక్తనాళం దెబ్బతింటే పక్షవాతం లక్షణాలు కొన్ని రోజులకు బయటపడొచ్చు. జరిగిపోయిందాన్ని ఇప్పుడిచ్చే కంప్లైంట్‌ల మొదటి పేరాలనే రాయండి. "అది అప్పటి ముచ్చట" అని వదిలేసేది సరిగ్గ ఇదే.

జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే అమెరికా నర్సింగ్ ప్రొఫెసర్ 1986లో అచ్చేసిన ప్రమాద అంచనా పట్టికను ఇప్పటికీ చాలా దేశాలల్ల వాడుతరు. దాంట్ల అడిగేవాటిల్ల మన ఇండ్లల్లకు సూటిగ పనికొచ్చేవి ఇవి: కడుపుతోని ఉన్నప్పుడు కొట్టిండా, బలవంతం చేసిండా, ఎవరితోని మాట్లాడాలె, ఎంత ఖర్చు పెట్టాలె అన్నీ అతనే చెప్పెటోడా, చంపుత అన్నడా, చస్త అన్నడా, పని పోయి ఖాళీగ ఉన్నడా, తాగుడు రోజువారీ అయిందా, ఇంట్ల అతనికి పుట్టని పిల్లలున్నరా, గడిచిన ఏడాదిల దెబ్బలు పెరిగినయా. అన్నిటికంటె ముందు అడగాల్సింది ఒకటున్నది: "అతను నిన్ను చంపగలడని నీకు అనిపిస్తదా?" ఆమె అవునంటే నమ్మండి. కాదంటే మాత్రం మిగిలినవన్నీ అడిగినంకనే ఊపిరి పీల్చుకోండి, ఎందుకంటె ఆడోళ్లు తమ ప్రమాదాన్ని ఎక్కువ చేసి చెప్పుడు కన్న తక్కువ చేసి చెప్పుడే మామూలు.

ఆ పట్టికల ఆయుధం గురించి కూడ అడుగుతరు. ఆయుధం అంటే అమెరికాల తుపాకి. మన దిక్కు కొడవలి, గొడ్డలి, సీసాల పెట్రోలు, బాత్రూం కడిగే యాసిడ్, పత్తిచేను కోసం తెచ్చి పెట్టిన పురుగుల మందు, వెనుక నుంచి గుద్దడానికి బండి. వీటిల్ల ఏదీ కొత్తగ కొనాల్సిన పని లేదు కాబట్టి "అతని దగ్గర ఏముంటదిలే" అనుకోవద్దు. పనిముట్టు ఉండుడు కాదు, దాన్ని వెంట పెట్టుకొని తిరుగుడు గుర్తు. బండి డిక్కీల కత్తి చూసినమని, సీసాల పెట్రోలు పట్టించుకుంటుంటే చూసినమని ఎవరన్న అంటే పేరు, తేదీ అడిగి రాసుకొని, అదే రోజు పోలీసులకు చెప్పాలె.

ఇప్పటి నడక ఎటు పోతున్నదో చూడటానికి మూడు చూడండి: ఎన్నిసార్లు, ఎంతమంది దాకా, ఎంత దగ్గర. మొదట ఆమెకే ఫోన్, తర్వాత మీకు, తర్వాత ఆమె పనిచేసే దుకాణం సేటుకు, తర్వాత చిన్నప్పటి దోస్తుకు వస్తుందంటే వల పెద్దగైతున్నది. ఫోన్ నుంచి బస్టాండుకు, బస్టాండు నుంచి వీధికి, వీధి నుంచి గేటుకు వస్తే దగ్గరైతున్నడు. రాత్రి గేటుకు ఏదన్న కట్టిపోవుడు, స్కూటీ టైరు కోసుడు, గడ్డివాము అంటుకొనుడు, బోరు మోటరు వైరు తెగుడు, కుక్క మందు తిని చచ్చుడు లాంటివి "ఎవరు చేసిండ్రో" అని వదిలేయొద్దు. వస్తువు మీద చెయ్యి పడ్డదంటే తర్వాత మనిషి మీద పడే దూరం తగ్గింది. ఎవరికీ చెప్పని సంగతి అతనికి తెలిసిందంటే ఫోన్‌ల ఏదో ఉన్నది, లేకుంటే ఇంట్లనే ఎవరో చెప్తున్నరు. పోలీసులు పిలిచి మందలించినంక ఎన్ని రోజులకు మళ్ల మొదలుపెట్టిండన్నది కూడ లెక్కపెట్టండి. నెల ఆగినోడు వేరు, అదే రాత్రి ఫోన్ చేసినోడు వేరు. రెండోవానికి స్టేషన్ అంటే భయం లేదని తేలిపోయింది.

బ్రిటన్‌ల జేన్ మంక్టన్ స్మిత్ 372 హత్యలను పరిశీలించి 2019లో ఒక కాలక్రమం చెప్పింది. సంబంధానికి ముందటి చరిత్ర నుంచి హత్య దాకా ఎనిమిది దశలు. మీకు పనికొచ్చేవి నడుమ నాలుగు: ఏదో ఒక దెబ్బ తగులుడు, వెంటపడుడు ముదురుడు, ఆలోచన మారుడు, ఏర్పాట్లు చేసుకునుడు. ఆ దెబ్బ దాదాపు ఎప్పుడూ "ఇగ ఆమె రాదు" అని తేలిపోవుడే. మన దిక్కు అది ఏ రూపంల వస్తదో ముందే చెప్పొచ్చు: విడాకుల నోటీసు అందుడు, కోర్టు వాయిదా, భరణం ఆర్డరు, కేసు కట్టుడు, బెయిలు మీద బయటికొచ్చుడు, ఆమెకు వేరే సంబంధం చూస్తున్నరని వినుడు, పది మందిల పరువు పోవుడు. పండుగలు వేరే లెక్క. ఎంగిలిపూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా ఆమె ఎక్కడుంటదో, ఏ వేళకు చెరువు కట్ట కాడికి పోతదో ఊరంతటికీ తెలుసు, అతనికీ తెలుసు. కురుమూర్తి జాతర, చెరువుగట్టు జాతర, ఇంట్ల పెండ్లి కూడ అంతే. ఒక క్యాలెండరు తీసుకొని ఇట్లాంటి తేదీలన్నీ గుర్తుపెట్టండి. ఆ తేదీకి ముందు వారం, తర్వాత వారం ఆమె ఒక్కతి తిరగొద్దు.

నిశ్శబ్దం గురించి జాగ్రత్తగ చదవండి. విసిగిపోయి వదిలేసినోని నిశ్శబ్దం ఉంటది, అది మంచిదే. ఆలోచన మారినోని నిశ్శబ్దం ఇంకోటి. బతుకు మీద ఆశ వదిలేసినోడు పనులు చక్కబెట్టుకుంటడు, దాన్ని బట్టి తేడా పట్టొచ్చు: ఉన్నట్టుండి పని మానేసుడు, బండి అమ్ముడు, చేబదుళ్లు తీర్చుడు, తల్లికి పైసలిచ్చి "నన్ను మాఫ్ చెయ్" అనుడు, తన ఫోటోకు తానే దండ వేసి స్టేటస్ పెట్టుడు, లేకుంటే పాత స్టేటస్‌లన్నీ తీసేసి కొత్తగ మర్యాదగ మాట్లాడుడు. ఇట్లాంటి ఒక్కటి విన్నా ఆ నిశ్శబ్దాన్ని మీరు లెక్కించే తీరు మార్చాలె. అతని దిక్కు ఒకరిద్దరు నమ్మకస్తులు ఉంటే, మీ చెల్లె ముచ్చట ఎత్తకుండ, అతని పని, తాగుడు ఎట్లున్నదో అడిగి తెలుసుకోండి.

"మందు తాగి చస్త" అన్న మాట మన పల్లెల్ల మరీ మామూలైపోయింది. కొందరు నాటకం అంటరు, కొందరు పాపం అంటరు. రెండూ కాకుండ మూడోది గుర్తుపెట్టుకోవాలె: తన ప్రాణం పోయినా ఫర్వాలేదనుకున్నోనికి జైలు, పరువు, పిల్లలు ఏదీ అడ్డం కాదు. చావు మాట, చంపే మాట ఒకే నోట వస్తే అది చాలా ఎక్కువ ప్రమాదం. అట్లని అతన్ని కాపాడే పని ఆమెది కాదు. అతని తల్లిదండ్రులకు ఫోన్ చేసి చెప్పండి, అత్యవసర నంబరు 112కు చెప్పండి, మానసిక సహాయం కోసం టెలీ మానస్ 14416 నంబరు వాళ్లకు ఇవ్వండి. ఆమె మాత్రం పోవద్దు, ఫోన్ ఎత్తొద్దు. దవాఖానల చేరినా చూడటానికి పోవద్దు.

"ఒక్కసారి కలువు" అనే దానికి జవాబు ఒక్కటే, పోవద్దు. గుడిల అన్నా, హోటల్ల అన్నా, నల్లగొండల పది మంది తిరిగే క్లాక్ టవర్ కాడ అన్నా పోవద్దు. అతనికి చెప్పాల్సింది ఏదన్న నిజంగ మిగిలుంటే అది కాగితం మీద రాసి వకీలుకు పంపొచ్చు. సామాన్లు, బంగారం, సర్టిఫికెట్లు ఇచ్చిపుచ్చుకునుడు ఉంటే స్టేషన్‌ల, లేకుంటే వకీలు ముందు, ఆమె లేకుండ జరగాలె. "నేను దూరం నుంచి చూస్త, మీరిద్దరు మాట్లాడుకోండ్రి" అనే అన్నదమ్ముల ధైర్యం పనికిరాదు. కత్తికి రెండు సెకండ్లు చాలు, మీరు రోడ్డు దాటి వచ్చేసరికి అయిపోతది.

పెద్దమనుషుల పంచాయితీకి మంచి మనసుతోనే పిలుస్తున్నరేమో. కాని అది ఆమె ఏ రోజు, ఏ వేళ, ఏ అరుగు మీద కూసుంటదో అతనికి ముందే చెప్పేస్తది. అక్కడ తప్పు ఒప్పించి, జరిమానా వేసి, నలుగురిల తిట్టి పంపితే పైన చెప్పిన దెబ్బ మనమే కొట్టినట్టు. అతను సంతకం పెట్టిన కాగితం ఉల్లంఘిస్తే ఏ పోలీసూ ఆ కాగితం చూపి అరెస్టు చెయ్యలేడు. పెద్దలను కాదనలేని పరిస్థితి ఉంటే ఆమె లేకుండ, మీ దిక్కు ఇద్దరు మగవాళ్లు మాత్రమే పోవాలె. మాట ఒక్కటే ఉండాలె: "ఫోన్ చెయ్యొద్దు, ఊరికి రావొద్దు, మిగిలింది కోర్టుల చూసుకుందం." మళ్ల కాపురం ముచ్చట ఎత్తనియ్యొద్దు.

ఆమె దిక్కు నుంచి అతనికి పోవాల్సింది ఒకే ఒక్క మెసేజ్. "నాకు నీతోని మాట్లాడే ఇష్టం లేదు. ఫోన్, మెసేజ్ చెయ్యొద్దు, నా వెంట రావొద్దు, మనుషులను పంపొద్దు." తిట్టు వద్దు, కారణం వద్దు, "ప్లీజ్" వద్దు. చట్టంల వెంటపడుడు నేరం కావాలంటే ఆమె ఇష్టం లేదని స్పష్టంగ తెలిసినా ఆపలేదని చూపించాలె, ఈ మెసేజ్ దానికి పునాది. ఇంతకుముందే అట్లాంటిది పంపి ఉంటే మళ్ల పంపొద్దు, పాతదాన్నే భద్రం చెయ్యండి. దాని తర్వాత ఏ జవాబూ ఉండొద్దు. ముప్పై ఫోన్లకు ఓర్చుకొని ముప్పై ఒకటోదానికి ఎత్తి తిడితే, ముప్పై ఒక్కసార్లు చేస్తే ఎత్తుతదని అతను నేర్చుకుంటడు.

సిమ్ము విరిచి పారేయొద్దు. పాత నంబరు మీ దగ్గర వేరే ఫోన్‌ల చప్పుడు లేకుండ నడవనియ్యండి, ఆమెకు కొత్త నంబరు తీసుకోండి. అన్నిటినీ బ్లాక్ చేస్తే అతను ఏం అంటున్నడో మీకు తెల్వకుండ పోతది, అతను మనిషిగ రావడానికి అది ఇంకో సాకు. ఒక పెద్ద మెలిక చాలామందికి తట్టదు: ఆమె వాడే సిమ్ అతని ఆధార్ మీద తీసుకున్నదైతే, అతను డూప్లికేట్ సిమ్ తీసుకొని ఆమె ఓటీపీలన్నీ తన ఫోన్‌కు రప్పించుకోవచ్చు. కేంద్ర సర్కారు సంచార్ సాథీ వెబ్‌సైటుల ఆమె పేరు మీద ఏ నంబర్లున్నయో చూడండి. బ్యాంకు, ఆధార్, గ్యాస్, పిల్లలుంటే స్కూలు, అన్నిట్ల నంబరు మార్పించండి. అతనికి తెలియని వేరే ఫోన్ నుంచి జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, లాగిన్ అయి ఉన్న పాత ఫోన్లను తీసేయండి. వాట్సాప్‌ల లింక్ అయిన డివైజులు, గూగుల్ మ్యాప్స్ లొకేషన్ షేరింగ్, కాల్ ఫార్వార్డింగ్ చూడండి. నిఘా యాప్ కనబడితే ముందు ఫోటో తీసి పోలీసులకు చూపించండి, తర్వాతే తీసేయాలె. అది తీసేసిన క్షణాన అతనికి తెలుస్తది కాబట్టి ఆ పని ఆమె భద్రమైన చోట ఉన్న రోజే చెయ్యండి.

ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, టైము, చోటు, ఏం జరిగింది, ఎవరు చూసిండ్రు, రుజువు ఏ ఫోన్‌ల ఉన్నది. స్క్రీన్‌షాట్‌ల నంబరు, తేదీ రెండూ కనబడాలె. పేరుతోని సేవ్ చేసి ఉంటే నంబరు కనబడేటట్టు ఇంకోటి తీయండి. అసలు మెసేజ్ ఉన్న ఫోన్ అమ్మొద్దు, రీసెట్ చెయ్యొద్దు. కోర్టుల దాన్ని రుజువుగ పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలె, అది వకీలు చూసుకుంటడు. దుకాణాల సీసీ కెమెరాల రికార్డింగు కొన్ని రోజులకే చెరిగిపోతది, కనబడ్డ రోజే అడిగి కాపీ తీసుకోవాలె.

ఇప్పుడు కేసు. 2024 జులై 1 నుంచి వెంటపడుడుకు భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ వర్తిస్తది. మొదటిసారి నేరం రుజువైతే మూడేండ్ల దాకా, మళ్ల చేస్తే ఐదేండ్ల దాకా జైలు. ఇంటర్నెట్‌ల ఆమె కదలికల మీద నిఘా పెట్టుడు కూడ దాంట్లకే వస్తది. కాని మొదటిసారిది బెయిలబుల్. పొద్దున పట్టుకపోతే సాయంత్రం ఇంటికొస్తడు. ఇది తెల్వక "అరెస్టు అయిండు" అని అందరూ నిమ్మలపడే రాత్రే అన్నిటికంటె చెడ్డ రాత్రి. అందుకే కంప్లైంట్‌ల వెంటపడుడు ఒక్కటే రాసి ఊకోవద్దు. చంపుత అన్నది 351వ సెక్షన్ కింద, గొంతు పిసికిన సంగతి, ఇంట్లకు చొరబడితే అది, ఫోటోలు పెడుత అంటే ఐటీ చట్టం, ప్రతిదీ తేదీతోని విడివిడిగ రాయాలె. ఏ సెక్షన్ పెట్టాలో పోలీసులు చూసుకుంటరు, సంఘటన రాయకుంటే మాత్రం ఏదీ పెట్టలేరు. 78వ సెక్షన్ నేరానికి ఆమె మాటను మహిళా పోలీసు అధికారే నమోదు చెయ్యాలె. సంఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లనైనా కేసు రాయించొచ్చు, దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటరు. తీసుకోకుంటే ఎస్పీకి రాతపూర్వకంగ పోస్టుల పంపండి, అక్కడా కదలకుంటే మేజిస్ట్రేట్. ఆడోళ్ల భద్రత కోసం పోలీసులు పెట్టిన షీ టీమ్‌లు వెంటపడే పోరగాండ్లను పిలిచి కౌన్సెలింగ్ ఇస్తే చాలాసార్లు పని జరుగుతది. గొంతు పట్టిన చరిత్ర ఉన్న మాజీ భర్తకు కౌన్సెలింగ్ ఒక్కటి సరిపోదు, ఎఫ్‌ఐఆర్ కావాలని గట్టిగ అడగండి. తహసీల్దార్ ముందు బైండోవర్, అంటే మళ్ల గొడవ చెయ్యనని పూచీకత్తు, చేయించమని కూడ అడగండి.

వకీళ్లు సుత అంతగ పట్టించుకోని దారి ఒకటున్నది. మీ చెల్లె అతనితోని ఒకే ఇంట్ల కాపురం చేసింది కాబట్టి 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. 18వ సెక్షన్ కింద ఫోన్ చెయ్యొద్దు, ఆమె ఇంటికి, పనిచోటుకు రావొద్దు అని మేజిస్ట్రేట్ ఆదేశిస్తడు. తొందరుంటే 23వ సెక్షన్ కింద అతన్ని పిలువకముందే మధ్యంతర ఉత్తర్వు ఇయ్యొచ్చు. దాన్ని దాటితే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, పైగ అది నాన్ బెయిలబుల్. స్టేషన్ బెయిలు దొరికే కేసు కన్న ఇది అతన్ని ఎక్కువ ఆపుతది. కలిసి ఉండని ప్రేమ వ్యవహారాలకు మాత్రం ఈ చట్టం పట్టదు. అప్లికేషన్ రాయడానికి ఆడోళ్ల కోసం సర్కారు నడిపే సఖి కేంద్రంల సాయం చేస్తరు, అక్కడ ఐదు రోజుల దాకా ఉండనిస్తరు కూడ. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చెప్తరు. ఆదాయంతోని పని లేకుండ ఆడోళ్లకు ఉచితంగ వకీలును పెట్టాలని చట్టమే చెప్తది, దానికి న్యాయ సహాయం హెల్ప్‌లైన్ నంబరు 15100.

ఇంటి సంగతి. అతని ఫోటో ఇరుగుపొరుగుకు, దుకాణం సేటుకు, ఆమె ఎక్కే ఆటో అన్నకు చూపించండి. సిగ్గుపడి దాచిపెడితే, "భార్యను తీసుకపోను వచ్చిన" అని అతను చెప్పంగనే వాళ్లే దారి చూపిస్తరు. తెల్లారకముందు పాలకేంద్రానికి, ఒంటరిగ చేనుకు పోవుడు కొన్నాళ్లు బంద్. కొట్లాట మొదలైతే వంటింట్లకు, బాత్రూంలకు ఉరకొద్దు, వాటికి రెండో దారి ఉండదు. పెట్రోలు వాసన వస్తే సామాను చూడకుండ బయటికి ఉరకాలె. యాసిడ్ పడితే బట్టలు విప్పేసి కనీసం ఇరవై నిమిషాలు ధారగ నీళ్లు పోయాలె. నూనె, పసుపు రాయొద్దు, రుద్దొద్దు. ప్రైవేటు దవాఖాన అయినా మొదటి చికిత్స పైసలడగకుండ చెయ్యాలని చట్టం ఉన్నది. ఆధార్, సర్టిఫికెట్లు, పాసుబుక్కు, మందులు, కొంత నగదు ఉన్న సంచి పక్కింట్ల పెట్టండి. ఫోన్‌ల మామూలుగ అనగలిగే ఒక మాట ఇంట్లోళ్లంతా ఒప్పుకోండి. అది వినంగనే ఏం అడగకుండ 112 కొట్టాలె.

మీ దగ్గర అన్నిటికంటె ముందు ఆపాల్సింది వకీలు నోటీసు. వద్దని కాదు, వరుస మార్చాలె. మొదట గొంతు సంగతితోని కంప్లైంట్, తర్వాత రక్షణ ఉత్తర్వుకు అప్లికేషన్, ఆ తర్వాత చెల్లెను అతనికి తెలియని చుట్టాల ఇంటికి పంపుడు. దేవరకొండల, హైదరాబాద్‌ల అతను ఎరిగిన ఇండ్లు వద్దు. ఆఖరికి నోటీసు. స్పీడ్ పోస్టుల పంపితే అది అతని చేతికి ఏ రోజు అందిందో ట్రాకింగుల కనబడుతది. అందిన రోజే స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ రాత్రి మీ వీధిల పెట్రోలింగు అడగండి, మీ అమ్మానాన్నలను కూడ ఆ వారం ఆ ఇంట్ల ఒంటరిగ ఉంచకండి. ఆమె దొరకనప్పుడు అతను మొదట వచ్చేది ఆ గడపకే.